ముప్పై తలుపుల కోసం ఒక ఉత్తరం
దక్షిణ ఆస్ట్రేలియా కళల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఈ లేఖ ఇంగ్లీషులో మీ ఆఫీసుకు విడిగా పంపాను. తెలుగులో ఎందుకంటే, ఇక్కడి మా తెలుగువాళ్ళు కూడా చదివి మీకు తలా ఒక ఉత్తరం రాయాలని. అడిలైడ్‌లో మాలో చాలామందిమి నార్త్ టెర్రస్ మీద ట్రామ్‌లో తిరిగేవాళ్ళమే. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే సౌత్ ఆస్ట్రేలియన్ మ్యూజియంకి తీసుకెళ్తాం. తిమింగలం ఎముకల దగ్గర ఫొటో దిగుతాం, వచ్చేస్తాం. అదే భవనంలో, దాని స్టోర్లలో దాదాపు 30,000 ఆదివాసీ కళాఖండాలు, వస్తువులు ఉన్నాయని, ఆస్ట్రేలియా ఆదివాసుల వస్తువులు అంత పెద్ద ఎత్తున ప్రపంచంలో ఇంకెక్కడా లేవని నాకే ఇక్కడికి వచ్చిన చాన్నాళ్ళ వరకు తెలియదు.

నాకు తెలిసేలా చేసింది ఒక తలుపు.

మామూలు బడి తలుపు. మధ్య ఎడారిలో, ఆలిస్ స్ప్రింగ్స్‌కి వాయవ్యంగా 300 కిలోమీటర్ల దూరంలో యూయెండుము అనే ఊరు ఉంది. 1984లో అక్కడి బడి తలుపుల మీద వార్ల్‌పిరి అనే ఆదివాసీ తెగ పెద్దలు ఐదుగురు బొమ్మలు వేశారు. మొత్తం 30 తలుపులు. బడిలో ఇంగ్లీషు చదువుకునే పిల్లలు తమ నేల కథలు, తమ జుకుర్‌పా, అంటే పూర్వీకుల సృష్టి కథలు, మర్చిపోకూడదని వాళ్ళ తపన. ఎర్రటి, పసుపు రంగు చుక్కలు, నీటి గుంటలను చూపే గుండ్రటి వలయాలు, పాకుతూ పోయే దారులు. ఆ పెద్దల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. పోయినవాళ్ళ పేర్లు పలకకూడదని అక్కడ చాలామంది పాటిస్తారు కాబట్టి నేనిక్కడ రాయడం లేదు.

తలుపులు పదేళ్ళకు పైగా ఎండకు ఎండాయి, దుమ్ము తిన్నాయి. పిల్లలు వాటి మీద తమ పేర్లు గీకారు. ప్రదర్శనలో చూసినప్పుడు మా అమ్మాయి ఒక తలుపు దగ్గర ఆగి, రంగు మీద గీకిన అక్షరాలు చూపించి, "అమ్మా, ఇది కూడా బొమ్మేనా?" అని అడిగింది. ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఆ తలుపు తీసుకుంటూ వేసుకుంటూ పెరిగిన పిల్లల చేతి గుర్తులు అవి. 1995లో మ్యూజియం ఈ తలుపులను తీసుకుంది. వాటిని గీసిన ఐదుగురిలో ఇద్దరు పెద్దలు, ముసలితనంలో, అవే కథలను ఒక్కో తలుపుకీ ఒకటి చొప్పున 30 ఎచింగులుగా, అంటే లోహపు రేకు మీద గీసి కాగితం మీద అచ్చు వేసే బొమ్మలుగా, మళ్ళీ చెక్కారు. తలుపులతో మొదలైన ఊపులోనే 1985లో ఆ ఊళ్ళో వార్లుకుర్లాంగు ఆర్టిస్టుల కేంద్రం పుట్టింది. ఈనాటికీ నడుస్తోంది.

అదే ఎడారిలో పాపున్యా అనే ఊరి సంగతి కూడా మీకు తెలిసే ఉంటుంది. అక్కడి బడి గోడ మీద 1971లో పెద్దలు తేనెచీమల కథను బొమ్మగా వేశారు. ఇవాళ లక్షల డాలర్లకు అమ్ముడుపోయే ఎడారి చిత్రకళకు మొదలు ఆ గోడే అంటారు. మూడేళ్ళకే దాని మీద పెయింట్ వేసేశారు. ఇప్పుడు ఫొటోలు తప్ప ఏమీ మిగల్లేదు. ఒక బడి తలుపులు దక్కాయి, ఇంకో బడి గోడ దక్కలేదు. బొమ్మల్లో ఎక్కువ తక్కువలేం లేవు. వాటి విలువ తెలిసిన మనిషి ఆ సమయానికి అక్కడ ఉన్నారా, వాళ్ళ చేతిలో అధికారం, డబ్బు ఉన్నాయా అన్నదే తేడా.

నా అభ్యర్థన అంతా ఆ మనుషుల గురించే.

మ్యూజియంలో టోవాలు అనే దారి గుర్తులు ఉన్నాయి కదా. ఐర్ సరస్సు వైపు డియారి ప్రజల నుంచి రాయిటర్ అనే పాస్టర్ సేకరించినవి, సుమారు 400. 1907లో మ్యూజియం కొన్నది. ఒక పుల్ల, కొసన జిప్సం ముద్ద, దాని మీద రంగు మట్టితో గీతలు, కొన్నిటికి ఈక, కొన్నిటికి ఎముక ముక్క. మేం ఫలానా చోటికి వెళ్తున్నాం, వెనకాల రండి అని చెప్పే గుర్తులని రాయిటర్ రాసి పెట్టారు. తెలుగులో దారిని తోవ అంటాం. ఆ మాటకీ ఈ మాటకీ చుట్టరికం లేదని తెలుసు, అయినా వినగానే మనసులో నాటుకుపోయింది. ప్రతి టోవా ఏ చోటిని చూపిస్తుందో ఆయన విడివిడిగా రాయబట్టి సరిపోయింది. ఆ రాతలు పోతే, వాటిని చదివి ఏ పుల్లది ఏ చోటో చెప్పగల మనిషి పోతే, మిగిలేది రంగు వేసిన పుల్ల.

జాగ్రత్త చేయడం అంటే తాళం వేసి ఉంచడం అనుకుంటారు చాలామంది. ఉత్తర ఆస్ట్రేలియాలోని ఆర్నెమ్ ల్యాండ్ ఆదివాసులు చెట్టు బెరడు మీద వేసే బొమ్మనే తీసుకోండి. వానాకాలంలో చెట్టు నుంచి ఒలిచిన బెరడు, మంట మీద కాచి, బరువులు పెట్టి చదును చేసినది. గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. దాని మీది రంగు మట్టి మాత్రం దానితో పాటు కదలదు, పెచ్చులూడుతుంది. రాలిపోయిన మట్టిని ఎవరూ తిరిగి అతికించలేరు. ఇంకొన్ని వస్తువులు ఆడవాళ్ళు చూడకూడనివి, దీక్ష తీసుకోనివాళ్ళు ముట్టకూడనివి. ఏది ఏదో తెలిసిన ఉద్యోగి, ఆ తెగ పెద్దలకు ఫోన్ చేసి అడగగలిగేంత చనువున్న ఉద్యోగి, ఏజెన్సీ ద్వారా ఆర్నెల్ల పనికి దొరకరు.

ఈ సేకరణ అంతా న్యాయంగా వచ్చింది కాదు. అడగకుండా తెచ్చినవీ ఉన్నాయి, తిరిగి ఇవ్వాల్సినవి ఇచ్చేయాలి. అందుకైనా సరే, ఏ వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందో పాత కాగితాలు చూసి చెప్పేవాళ్ళు కావాలి. ఈ మ్యూజియంలో పనిచేసిన మానవశాస్త్రవేత్త టిండేల్ రాసి పెట్టిన వంశవృక్షాల్లో, ఒకప్పుడు ప్రభుత్వం ఆదివాసీ కుటుంబాల నుంచి ఎత్తుకుపోయిన పిల్లల వారసులు ఇవాళ తమ అమ్మమ్మ పేరు వెతుక్కుంటున్నారు.

2024లో మ్యూజియం వాళ్ళు పరిశోధన, సేకరణల విభాగాల్లో 27 ఉద్యోగాలు తీసేసి, 22 కొత్త పోస్టులు పెడతామన్నప్పుడు అడిలైడ్ జనం ఊరుకోలేదు. శాస్త్రవేత్తలు, ఆదివాసీ పెద్దలు, రిటైరైన టీచర్లు, స్ట్రాలర్‌లో పిల్లలతో తల్లులు రోడ్డెక్కారు. నేనూ వెళ్ళాను. రాష్ట్ర ప్రభుత్వాధినేత అయిన ప్రీమియర్ గారు ఆ ప్రణాళికను ఆపి, సమీక్ష వేసి, చివరికి పక్కన పెట్టించారు. అందుకు నిజంగా కృతజ్ఞతలు. కానీ మళ్ళీ ఇంకో కొత్త ప్లాన్ వస్తుందేమోనన్న టెన్షన్ మాత్రం పోలేదు.

మాది గుంటూరు వైపు. మా అమరావతి స్తూపం చెక్కడాల సున్నపురాళ్ళు కొన్ని సున్నం బట్టీల్లోకి పోయాయి. తవ్వి మద్రాసుకు చేర్చినవి ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ ఆరుబయట పడి ఉన్నాయి. తర్వాత వాటిలో వందకు పైగా లండన్‌కి వెళ్ళిపోయాయి. ఆ రాళ్ళు చూడాలంటే మేం టికెట్ కొని విమానం ఎక్కాలి. అందుకే ఈ విషయంలో నోరు మూసుకుని ఉండలేకపోతున్నాను.

మంత్రి గారూ, సేకరణను చూసుకునే ఉద్యోగాలకు, ముఖ్యంగా ఆదివాసీ సంరక్షకుల ఉద్యోగాలకు, ఏటేటా అడుక్కునే పని లేకుండా బడ్జెట్‌లో శాశ్వతంగా చోటివ్వండి. 20 కోట్ల డాలర్లతో నగరంలోని లాట్ ఫోర్టీన్‌ అనే స్థలంలో మొదలుపెట్టి 2022లో ఆపేసిన టార్కారి అనే ఆదివాసీ కళలు, సంస్కృతుల కేంద్రం గురించి సూటిగా ఒక మాట చెప్పండి. అడిలైడ్ ప్రాంతపు ఆదివాసుల గార్నా భాషలో ఆ పేరుకు భవిష్యత్తు అని అర్థం. కట్టకపోతే కట్టబోమని చెప్పండి, అప్పుడు ఆ వస్తువులకు వేరే మంచి చోటు ఎక్కడో చెప్పండి.

ఇంకొక్కటి. యూయెండుము ఇక్కడికి సుమారు 1,800 కిలోమీటర్లు. తలుపులు గీసిన పెద్దల మనవలు, ముని మనవలు అక్కడే ఉన్నారు. ఏడాదికి ఒకసారైనా వాళ్ళు వచ్చి, స్టోర్ తెరిపించుకుని, తమ తలుపుల ముందు కూర్చుని తమ భాషలో కథ చెప్పుకునేందుకు దారి ఖర్చులు, బస మీ శాఖ ఇవ్వాలి. ఆ ఒక్క పద్దు కోసం వచ్చే బడ్జెట్ పుస్తకం మొదటి పేజీ నుంచి వెతుకుతాను.

గౌరవంతో,
అడిలైడ్‌లో ఉంటున్న ఒక తెలుగు తల్లి