రైల్వే మంత్రిగారికి: మా ఉద్దానం ప్రయాణికుల భోజనం గురించి

గౌరవనీయులైన కేంద్ర రైల్వే మంత్రి శ్రీ అశ్వినీ వైష్ణవ్ గారికి,

నమస్కారం. నేను ఆమదాలవలసలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయురాలిని. శ్రీకాకుళం పట్టణంలో రైల్వే స్టేషన్ లేదు. జిల్లా కేంద్రం వాళ్లు రైలెక్కాలంటే మా ఊళ్లో ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌కే రావాలి. 2024 మార్చి 12న మొదలైన విశాఖపట్నం–భువనేశ్వర్ వందే భారత్ ఇక్కడ ఆగుతుంది. పొద్దున విశాఖ వైపు వెళ్లి, మధ్యాహ్నం దాటాక తిరిగి వస్తుంది. ఆ రైలు లోపలి ఏర్పాట్ల గురించి, ముఖ్యంగా అందులో మా మూత్రపిండాల రోగులకు అందే భోజనం గురించి ఈ లేఖ రాస్తున్నాను.

ముందు బాగున్న వాటిని మనస్ఫూర్తిగా చెప్పాలి. తలుపు తెరుచుకోగానే పెట్టె కింద నుంచి ముందుకు జరిగే మెట్టు వల్ల ప్లాట్‌ఫారానికీ రైలుకూ మధ్య సందులో కాలు పడుతుందన్న భయం తగ్గింది. మోకాళ్ల నొప్పులున్న నాలాంటి వాళ్లకు అది చిన్న విషయం కాదు. సీటు నంబర్లు చూపులేని వారు తడిమి తెలుసుకునేలా బ్రెయిలీలో కూడా ఉన్నాయి. ఇక మరుగుదొడ్లు. మా తరం ఆడవాళ్లలో చాలామంది రైలు ప్రయాణం ఉందంటే ముందు రోజు నుంచే నీళ్లు తాగడం తగ్గించేవాళ్లు. దారిలో అక్కడికి వెళ్లాల్సి వస్తుందేమోనన్న జంకే అందుకు కారణం. వాక్యూమ్ పద్ధతిలో పనిచేసే ఈ మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నంతకాలం ఆ బాధ ఉండదు. దాన్ని మించిన సౌకర్యం ఈ రైల్లో మరొకటి లేదని నా అభిప్రాయం.

సీట్ల విషయానికి వస్తే, ఎగ్జిక్యూటివ్ తరగతిలో వాటిని కావలసిన వైపు తిప్పుకోవచ్చు. చైర్ కార్‌లో ఒక వైపు మూడు, మరో వైపు రెండు చొప్పున సీట్లు బిగించి ఉంటాయి కాబట్టి సగం మంది ప్రయాణమంతా వెనక్కి వెళ్తున్నట్టు కూర్చోవాలి. కళ్లు తిరిగేవాళ్లకు ఇది కష్టం. టికెట్ తీసుకునేటప్పుడే ఏ సీటు ఎటు చూస్తుందో చూపిస్తే చాలు. సామాన్లన్నీ తల మీది అరలోకి ఎక్కించాలి. మా వాళ్లు విశాఖలో చదువుకునే పిల్లలకు బియ్యం మూటలు, కొబ్బరికాయల సంచులు పట్టుకెళ్తారు. తలుపు దగ్గర అలాంటి బరువులు దించుకోవడానికి మరికొంత చోటు కావాలి.

ఇప్పుడు అసలు విషయం. ఈ రైలు పలాసలో ఆగుతుంది. పలాస, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం మండలాల ఉద్దానం ప్రాంతాన్ని మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా పీడిస్తోంది. దానికి ఫలానాదే కారణమని పరిశోధకులు ఇప్పటికీ తేల్చలేకపోయారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అయినా పెద్ద పరీక్షలకనీ, మరో వైద్యుడి మాట కోసమనీ విశాఖకు వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉన్నారు. పలాస దాటి విశాఖ వైపు వెళ్లే ఏ రైలైనా ఎంతోకొంత రోగుల రైలే.

ఈ జబ్బు ముదిరినవారు ఉప్పు తగ్గించాలి. చాలామంది పొటాషియం ఎక్కువగా ఉన్నవాటికి దూరంగా ఉండాలి. డయాలసిస్ చేయించుకునేవారు తాగే నీటిని కూడా కొలుచుకోవాలి. కొబ్బరితోటల మధ్య పుట్టి పెరిగిన మనిషి పొటాషియం ఎక్కువున్న కొబ్బరినీళ్లు ముట్టుకోకూడని పరిస్థితి. అలాంటివారి ముందుకు అందరితో పాటే ఊరగాయ పొట్లం, చట్నీ, సాంబారు ఉన్న పళ్లెం వస్తుంది. ఒకసారి నా పక్కన పలాసలో ఎక్కిన తల్లీకొడుకులు కూర్చున్నారు. ఆమెకు వారంలో రెండుసార్లు డయాలసిస్ జరుగుతోందని ఆ అబ్బాయి చెప్పాడు. పళ్లెం రాగానే అతను ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టి, చివరికి ఇడ్లీ ఒక్కటే ఆమె చేతిలో పెట్టాడు. అందులో ఉప్పెంత ఉందని వడ్డించే కుర్రాడిని అడిగాడు. పాపం, ఆ కుర్రాడికి మాత్రం ఎలా తెలుస్తుంది? అది అతని తప్పు కాదు. అతనికి ఎవరైనా చెప్పి ఉంటే కదా!

2022 నవంబరులో రైల్వే బోర్డు రైలు భోజనాల్లో స్థానిక వంటకాలు, చిరుధాన్యాలు, చక్కెర వ్యాధి ఉన్నవారికి తగిన ఆహారం, పసిపిల్లల ఆహారం చేర్చుకునే వెసులుబాటు ఇచ్చింది. అంటే రోగికి తగిన తిండి రైల్లో ఉండాలన్న సూత్రాన్ని మీ శాఖ ఇప్పటికే ఒప్పుకుంది. ఆ వరుసలో ఇంకొకటి చేర్చమని మాత్రమే అడుగుతున్నాను. టికెట్ తీసుకునేటప్పుడు భోజనం ఎంచుకునే చోట మూత్రపిండాల రోగులకు తగిన, ఉప్పు తగ్గించిన భోజనం కూడా కనిపించాలి. పలాసలో ఆ ఆసుపత్రి ఉంది, విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉంది. ఆ పళ్లెంలో ఏముండాలో అక్కడి వైద్యులు, ఆహార నిపుణులు రాసిస్తారు. మిగతా ప్రయాణికుల పొట్లాల మీద కూడా ఉప్పు ఎంతో తెలుగులో, పెద్ద అక్షరాల్లో ముద్రించాలి. భోజనం వద్దనుకుని టికెట్ తీసుకోవచ్చు కదా అని అధికారులు అనవచ్చు. రోగికి ఆకలి ఉండదా? తెల్లవారకముందే ఇల్లు వదిలి స్టేషన్‌కు వచ్చేవాళ్లు ఏ వేళకు వండుకోవాలి?

వడ్డించేవారిలో కనీసం ఒక్కరికైనా తెలుగు రావాలన్నది కూడా ఇందులో భాగమే. ఇచ్ఛాపురం నుంచి విశాఖ దాకా దారంతా తెలుగు నేలే. ఒడియా వచ్చినవాళ్లు మాలో ఉన్నారు, ఆ భాషంటే మాకు గౌరవమే. కానీ ఒంట్లో బాగాలేని మనిషి తన అవసరాన్ని తన భాషలోనే చెప్పుకుంటుంది. కొత్త దక్షిణ కోస్తా రైల్వే జోన్ హద్దుల ప్రకారం పలాస నుంచి ఇటువైపు విశాఖపట్నం డివిజన్, అటువైపు ఖుర్దా రోడ్ డివిజన్ అంటున్నారు. రోగి ఎక్కే స్టేషన్ ఒక డివిజన్‌లో, దిగే స్టేషన్ మరో డివిజన్‌లో ఉంటే ఈ మాట ఎవరి బల్ల మీద ఆగిపోతుందోనని నా భయం.

ఇంకో విన్నపం. వందే భారత్ టికెట్ కొనలేనివారే మాలో ఎక్కువ. విశాఖ–పలాస ప్యాసింజర్ వారి రైలు. 2023 అక్టోబరు 29న కంటకాపల్లి దగ్గర విశాఖ–రాయగడ ప్యాసింజర్ వెనక నుంచి వచ్చి ఢీకొన్నది ఆ రైలునే. చనిపోయినవారిలో మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఉన్నారు. ఆ ఇళ్లలో దుఃఖం ఇంకా ఆరలేదు. 2024 సెప్టెంబరులో అహ్మదాబాద్–భుజ్ మధ్య రిజర్వేషన్ అవసరం లేని ఏసీ రైలు, నమో భారత్ ర్యాపిడ్ మొదలైంది. అలాంటి రైలు పలాస–విశాఖ మధ్య పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి నడపండి. విజయనగరం నుంచి విశాఖ 61 కిలోమీటర్లే. రోజూ ఉద్యోగాలకు, చదువులకు నిలబడి వెళ్లేవాళ్లతో ఆ రైలు మొదటి రోజే నిండిపోతుంది. డయాలసిస్ రోగికి కాళ్లు చాపుకునే సీటు, శుభ్రమైన మరుగుదొడ్డి అందులోనూ ఉండాలి.

1999 పెను తుపాను నాడు మీరు బాలాసోర్ కలెక్టరుగా ఉన్నారు. ఈ తీరంలో ఆపద వేళ మనిషికి తిండి అందించడం ఎంత కష్టమో మీరు చూసినదే. మా మొదటి కోరికకు కొత్త పట్టాలు అవసరం లేదు, కొత్త పెట్టెలూ అక్కర్లేదు. భోజనాల జాబితాలో ఒక వరుస, పొట్లం మీద ఒక అంకె చేరితే చాలు. రైలు భోజనాలకు వచ్చే టెండరు పిలిచేలోగా ఆ వరుస చేర్చమని కోరుతున్నాను.

ఇట్లు,
ఆమదాలవలస నుంచి ఒక ప్రయాణికురాలు