వార్షిక నివేదిక 2024–25: శనివారం సైన్సు తరగతి, ఇతర కార్యక్రమాలు

బెంగళూరులోని మన సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది కవి సమ్మేళనం, కార్తిక వనభోజనాలు, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు అందరూ చూసే ఉంటారు. ఈ ఏడాది కార్యవర్గం శ్రమలో సింహభాగం ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు నడిపిన శనివారం సైన్సు తరగతికే పోయింది కనుక ఈ నివేదికలోనూ ఎక్కువ చోటు దానికే.

ముందుగా కృతజ్ఞతలు. మారతహళ్ళిలో తమ అపార్టుమెంటు హాలునూ డాబానూ అద్దె మాట ఎత్తకుండా ఇచ్చిన నివాసుల సంఘానికి, ఎండనకా వాననకా వచ్చి పాఠం చెప్పిన విశ్రాంత ఉపాధ్యాయులకు, వైర్లూ స్విచ్చులూ అడిగినప్పుడల్లా ఇచ్చిన ఎలక్ట్రికల్ షాపు యజమానికి, పిల్లలకు ఉప్మా, మజ్జిగ అందించిన మహిళా విభాగానికి సంఘం రుణపడి ఉంది. బల్లలు మోసిన కాలేజీ కుర్రాళ్ళను ప్రత్యేకంగా మెచ్చుకోవాలి.

మనం గర్వంగా చెప్పుకోవలసింది ఏప్రిల్ 24న డాబా మీద జరిగిన ‘నీడ లేని మధ్యాహ్నం’. బెంగళూరు అక్షాంశం దాదాపు 13 డిగ్రీలు. ఏటా ఏప్రిల్ 24 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 18 ప్రాంతంలో మరోసారి సూర్యుడు మనకు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. కర్కటరేఖకు ఉత్తరాన ఉన్న ఢిల్లీ పిల్లలకు ఈ అవకాశం ఏనాడూ రాదు. హైదరాబాదులో తాతగారింటికి వెళ్ళే మన పిల్లలైతే మే 9 ప్రాంతంలో అక్కడ మళ్ళీ చూడవచ్చు.

కావలసింది 30 సెంటీమీటర్ల నిటారు కడ్డీ, తెల్ల కాగితం అంటించిన పలక, పెన్సిలు, స్కేలు. తేడా వచ్చేది రెండు చోట్ల. వాననీళ్ళు పోవడానికి డాబాకు వాటం ఇస్తారు కాబట్టి పలక కింద అట్టముక్కలు పెట్టి మట్టం చేయాలి. కడ్డీ నిటారుగా ఉందో లేదో కంటితో చూసి సరిపెట్టుకోకూడదు. దారానికి నట్టు కట్టి పక్కన వేలాడదీసి, రెండు వైపుల నుంచీ చూడాలి. గంట ముందు నీడ సుమారు 8 సెంటీమీటర్లు ఉంటుంది. ఆ తర్వాత ప్రతి 4 నిమిషాలకూ దాదాపు అర సెంటీమీటరు తగ్గుతుంది, ఎందుకంటే ఆ 4 నిమిషాల్లో భూమి ఒక డిగ్రీ తిరుగుతుంది. నీడ కొస మసకగా కనిపిస్తుంది. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం కాబట్టి. ముదురు నీడ ఎక్కడ ముగుస్తుందో అక్కడే గుర్తు పెట్టాలి. సూర్యుడి వైపు నేరుగా చూడనివ్వకూడదు.

సరిగ్గా 12కే నీడ పోతుందని పిల్లలు ముందే పుస్తకాల్లో రాసుకున్నారు. పోయింది 12:17, 12:18 మధ్య. అసలు పాఠం అక్కడే మొదలైంది. మన గడియారాలు నడిచేది కాకినాడకు దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన. బెంగళూరు 77.6 దగ్గర ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున మనకు దాదాపు 20 నిమిషాలు ఆలస్యం కావాలి. ఏప్రిల్ చివర్లో సూర్యుడు సగటు లెక్కకు రెండు నిమిషాలు ముందుంటాడు కనుక అంతమేర తగ్గుతుంది. ఎనిమిదో తరగతి పిల్లలు ఈ లెక్క బల్ల మీద సుద్దముక్కతో తామే వేశారు. ఆగస్టులో మళ్ళీ చేద్దామంటే మబ్బు అడ్డుపడింది.

శనివారాల్లో చేసినవి చాలావరకు ఇంట్లోనూ చేసుకోదగ్గవే. ఎరుపు ఎల్ఈడీ ఒక్క 1.5 వోల్టుల సెల్‌తో వెలగదు. రెండు కలపాలి, పొడుగు కాలు ప్లస్ వైపు ఉండాలి. తొమ్మిది వోల్టుల బ్యాటరీకి నేరుగా తగిలిస్తే కాలిపోతుంది, మధ్యలో కరెంటును తగ్గించే 470 ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. విద్యుదయస్కాంతానికి మూడు అంగుళాల ఇనుప మేకు మీద రాగితీగ 50 చుట్లు ఒకే దిశలో చుట్టాలి. గుండుపిన్నులు అంటుకోలేదంటే చాలాసార్లు కారణం తీగ మీద కరెంటును అడ్డుకునే ఎనామిల్ పూత. రెండు కొసలూ గరుకు కాగితంతో రుద్దితే సరిపోతుంది. కొద్ది సెకన్లకు మించి కలిపి ఉంచితే సెల్ వేడెక్కి నీరసిస్తుంది.

పసుపు కాగితం మీద సబ్బునీళ్ళు పడితే ఎర్రబడుతుంది, నిమ్మరసం పడితే ఏమీ కాదు. దాంతో నిమ్మరసం తటస్థమని రాసిన పిల్లలు ఉన్నారు. పసుపు క్షారాన్ని మాత్రమే పట్టిస్తుంది. అందుకే పక్కనే ఎర్ర మందార రేకులు నానబెట్టిన గోరువెచ్చని నీళ్ళు కూడా ఉండాలి. అది ఆమ్లంలో ముదురు గులాబీకి, క్షారంలో ఆకుపచ్చకు తిరుగుతుంది. బోరునీళ్ళతో చేస్తే రంగు ముందే మారిపోవచ్చు, ఫిల్టరు నీళ్ళు మేలు. పిండిపదార్థం పరీక్షకు అన్నం చల్లారాకే అయోడిన్ వేయాలి. వేడిమీద ఆ నీలినలుపు రంగు నిలవదు.

చంద్రకళలు భూమి నీడ వల్లనే వస్తాయని ఎనిమిదో తరగతిలోనూ చాలామంది నమ్ముతారు. చీకటి గదిలో ఒక్క బల్బు వెలిగించి, పుల్లకు గుచ్చిన తెల్ల బంతిని చేయి చాచి పట్టుకుని పిల్లవాణ్ణి నిలబడ్డ చోటే చుట్టూ తిరగమనాలి. బంతి తలకన్నా కొంచెం ఎత్తులో ఉండాలి. దించితే బంతి మీద వాడి తల నీడే పడుతుంది, అది గ్రహణం. రెండూ వరసగా చూస్తే తేడా ఇక మరిచిపోరు. వనభోజనాల్లో కూడా గరికనూ తులసి మొక్కనూ పీకించి చూపించాం: సమాంతర ఈనెలున్నదానికి పీచువేళ్ళు, వల ఈనెలున్నదానికి తల్లివేరు.

తల్లిదండ్రులకు ఒక మాట. ప్రయోగానికి ముందే ఏమవుతుందో, ఎందుకవుతుందో బిడ్డ చేత రాయించండి. తప్పయితే కొట్టేయించకండి, దాని కిందే జరిగింది రాయించండి. మార్కులు ఎక్కువ పోయేది చిన్న విషయాల్లోనే: ప్రమాణం రాయకపోవడం, బొమ్మలో పేర్ల గీతలు ఒకదానిమీదొకటి దాటడం, ‘కారణం తెలపండి’ అన్నచోట నిర్వచనం రాసి వదిలేయడం. నిర్వచనం అప్పజెప్పించుకోవడం కన్నా, మీకు తెలియనట్టు కూర్చుని పాఠం చెప్పించుకుంటే ఎక్కడ తట్టుకుంటున్నారో ఇట్టే తెలుస్తుంది.

ఇక బాధ కలిగించిన సంగతి. కిందటి సమావేశంలో చేతులెత్తి పేర్లిచ్చిన సభ్యుల్లో చాలామంది ఒక్క శనివారమూ రాలేదు. రాలేమని ముందురోజైనా చెప్పలేదు. సెల్లులు, తీగలు, అగ్గిపుల్లలు పట్టుకుని కూర్చున్న పిల్లల దగ్గర బల్లకొక పెద్దవారు లేకపోతే ప్రయోగం ఆగిపోతుంది. పేరు చూసుకోవడానికి ఇస్తే ఎవరికీ ఉపయోగం లేదు. దగ్గర్లోని ప్రభుత్వ బడి పిల్లలనూ కలుపుకుందామని అనుమతి కోరుతూ పెట్టిన అర్జీ సంబంధిత కార్యాలయంలో ఏడాదిగా ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు తిరుగుతోంది. ఆ పిల్లలకు మరో విద్యాసంవత్సరం పోయింది.

జమాఖర్చులు ఆడిటరు చూసి సంతకం చేశారు, ప్రతి జతపరిచాం. సైన్సు తరగతి ఖర్చులో ఎక్కువ భాగం సెల్లులు, అయోడిన్, ఫలహారాలకే.

జూన్‌లో బడులు తెరవగానే తరగతి మొదలవుతుంది. బల్లకొకరు చొప్పున పెద్దలు కావాలి, సైన్సు చదివి ఉండనక్కరలేదు. పాడైన టార్చిలైట్లు, పాత స్పీకర్లలోని అయస్కాంతాలు, ఖాళీ గాజుసీసాలు పారేయకుండా తెచ్చివ్వండి. వచ్చేవారు తాము ఏయే శనివారాలు రాగలరో తేదీలతో సహా రాసి సంయుక్త కార్యదర్శి గారికి ఇవ్వవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
కార్యదర్శి
బెంగళూరు