పన్నెండే గదా సార్!

సంపాదకులకు నమస్కారం.

ఓటీ (అదనపు గంటల పని)తో కలిపి రోజుకు 12 గంటల దాకా పని చేయించుకునేలా దుకాణాలు, సంస్థల చట్టాన్ని సవరిస్తామని 2025 జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం ప్రతిపాదించినప్పుడు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు భగ్గుమంది. బెంగళూరులో మారతహళ్లి దగ్గర మాది. సగానికి పైగా సాఫ్ట్‌వేర్ వాళ్లమే. "మనుషులమా, మెషీన్లమా" అని రాసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ రాత్రే పెరుగు ప్యాకెట్ కోసం కిందికి దిగి, కదిరి వైపు నుంచి వచ్చిన మా సెక్యూరిటీ అన్నకు ఈ సంగతి చెప్పాను. "పన్నెండే గదా సార్! రిలీవర్ రాకుంటే మాకు ఇరవై నాలుగు" అన్నాడు. రిలీవరంటే షిఫ్టు మారడానికి రావాల్సిన మనిషి.

అసోసియేషన్‌లో ఒక ఏడాది ట్రెజరర్‌గా చేశాను కాబట్టి ఆయన జీతం లెక్క నాకు తెలుసు. ఏజెన్సీ బిల్లులో మొదట కనీస వేతనం, కింద పీఎఫ్, ఈఎస్ఐ, ఆ తర్వాత "అదనపు 4 గంటలు" అని ఒక లైను. దాని రేటు సింగిలే, అంటే మామూలు గంటకు ఇచ్చేంతే. హాజరు పుస్తకంలోనేమో అందరికీ 8 గంటలే. అదే టేబుల్ మీదున్న విజిటర్ల రిజిస్టరు తిప్పితే రాత్రి 8:10 నుంచి పొద్దున 7:50 దాకా ఒకే చేతిరాత.

వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు ఇవ్వాలి. రెట్టింపు కొత్తగా వచ్చింది కాదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కేంద్ర చట్టం, వేతనాల కోడ్ 14వ సెక్షన్ కూడా అదే అంటోంది. ఆరు రోజులు 12 గంటల చొప్పున చేస్తే 72 గంటలు. పైన పడ్డ 24 గంటలకు 48 గంటల కూలి రావాలి. అంటే వారం పనికి రెండు వారాల జీతం. మేమిచ్చేది వారంన్నర జీతం. అదీ వారాంతపు సెలవు దొరికితేనే.

ఇద్దరితో 12 గంటలు చేయించే బదులు ముగ్గురితో 8 గంటలు చేయిద్దామని కమిటీలో అన్నాను. సింగిల్ రేటు లెక్కన బిల్లు దాదాపు అంతే కాబట్టి ఎవరూ పెద్దగా కాదనలేదు. కాదన్నది ఆ అన్నే. "జీతం కూడా తగ్గిపోతుంది గదా సార్, రూము బాడుగ ఎట్లా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

అసలు చిక్కు అక్కడుంది. కనీస వేతనం ఎలా లెక్కకట్టాలో ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు కలిసి కూర్చునే భారత కార్మిక మహాసభ 1957లో చెప్పింది: మనిషికి 2,700 కేలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, అద్దె, ఇతర ఖర్చులు. పిల్లల చదువు, వైద్యం వంటి వాటికి మరో 25 శాతం కలపాలని 1991లో సుప్రీంకోర్టు అంది. అయితే 2020లో కేంద్రం విడుదల చేసిన వేతనాల కోడ్ ముసాయిదా నిబంధనల్లో అద్దెకు పెట్టింది తిండీ బట్టల ఖర్చులో పదో వంతు. పది నెలల అడ్వాన్సు అడిగే ఊళ్లో ఆ డబ్బుకు గది కాదు, గది తలుపు కూడా రాదు. అందుకే ఆయన ఓటీ కోసం వెంపర్లాడతాడు. దాన్ని మనం "ఇష్టపడే చేస్తున్నాడు" అంటాం. కొత్త వృత్తి భద్రత కోడ్ ప్రకారం ఓటీకి కార్మికుడి సమ్మతి ఉండాలి. రిలీవర్ రాని రాత్రి గేటు వదిలి పోతే ఉద్యోగం ఊడే మనిషిని సమ్మతి ఎవరడుగుతారు?

కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్లు ఫ్యాక్టరీలతో పాటు అపార్ట్‌మెంట్ గేట్లకూ వచ్చి, హాజరు పుస్తకం పక్కన విజిటర్ల రిజిస్టరు పెట్టి చూడాలి. రెట్టింపు రేటు నిజంగా పడితే ఏ అసోసియేషనైనా చెప్పకుండానే మూడు షిఫ్టులకు దిగుతుంది. అయితే ఆ ఎనిమిది గంటల జీతంతో గది అద్దె కట్టగలిగేలా కనీస వేతనాన్ని బెంగళూరు అద్దెలు చూసి నిర్ణయించాలి. రెండూ కలిసి జరగకపోతే నష్టపోయేది ఆ అన్నే. ఇంకో మాట: ఏజెన్సీ ఎగ్గొడితే పని జరిగే సంస్థ యజమానే కట్టాలని వేతనాల కోడ్ 43వ సెక్షన్ చెబుతోంది. ఏజెన్సీ మీదికి నెట్టేసి మనం చేతులు దులుపుకోవచ్చని నాకైతే అనిపించడం లేదు.

మా జనరల్ బాడీ మీటింగులో ఓటీ రెట్టింపు ప్రస్తావన ఐదు నిమిషాలు నడిచి వాయిదా పడింది. ఆ ఐదు నిమిషాలూ హాలు తలుపు దగ్గర సంతకాల పుస్తకం పట్టుకుని నిలబడ్డది ఆయనే.

— ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు