గనుల నేలలను ఆమ్ల జలంతో పరీక్షించాలి

సంపాదకులకు నమస్కారం.

గనుల పరిసరాల్లోని నేలల కాలుష్యంపై వచ్చే వార్తల్లో తరచు కనిపించే లెక్క ఒక్కటే: కిలో మట్టిలో ఇన్ని మిల్లీగ్రాముల సీసం, ఇన్ని మిల్లీగ్రాముల కాడ్మియం. ఆ లెక్క అవసరమే గాని, ఆ లోహంలో ఎంత భాగం వాన నీటితో కలిసి వాగుల్లోకి, భూగర్భ జలాల్లోకి దిగుతుందో దాన్నిబట్టి తెలియదు. అది చాలావరకు నేలలో ఇంకే నీటి ఆమ్లత్వం మీద ఆధారపడి ఉంటుంది.

గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల శుభ్రమైన వాన నీటి పీహెచ్ (ఆమ్లత్వాన్ని తెలిపే కొలత; ఈ అంకె తగ్గేకొద్దీ ఆమ్లత్వం పెరుగుతుంది) కూడా సుమారు 5.6 ఉంటుంది. బొగ్గు మండించినప్పుడు, లోహం కోసం సల్ఫైడ్ (గంధకం కలిసిన) ఖనిజాలను కొలిమిలో కరిగించినప్పుడు వెలువడే వాయువులు తోడైతే అది 4.2కు పడిపోవచ్చు, అంటే హైడ్రోజన్ అయాన్ల గాఢత పాతిక రెట్లు పెరిగినట్టే. ఈ అయాన్లు బంకమట్టి రేణువులను అంటిపెట్టుకున్న లోహాలను తోసేసి వాటి చోటు ఆక్రమిస్తాయి, కార్బనేట్ల రూపంలో ఉన్నవాటిని కరిగిస్తాయి. కాడ్మియం, జింకు ముందుగా కదులుతాయి. సేంద్రియ పదార్థానికీ ఐరన్ ఆక్సైడ్లకూ గట్టిగా అంటుకుని ఉండే సీసం, ఆమ్లత్వం ఇంకా పెరిగితే గాని వదలదు. నీటిలోకి చేరిన కాడ్మియం ఏం చేయగలదో జపాన్‌లోని జింజు నదీ తీరం చూసింది: కమియోకా గని నుంచి నదిలోకి, అక్కడి నుంచి వరి పొలాల్లోకి చేరిన ఆ లోహమే ఎముకలను గుల్లచేసే ఇటాయ్-ఇటాయ్ వ్యాధికి కారణమని అక్కడి ప్రభుత్వం 1968లో గుర్తించింది.

గని వ్యర్థాల్లో పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఉన్నచోట గాలి, నీరు తగిలి పుట్టే సల్ఫ్యూరిక్ ఆమ్లమే వానకంటే పెద్ద సమస్య అన్న వాదన నిజమే. అయితే ఆమ్ల వర్షం గని హద్దు దాటి, లోహపు ధూళి మాత్రమే పేరుకున్న పొలాల మీదా పడుతుంది. సున్నం ఉన్న నేల ఏళ్ల తరబడి ఆ ఆమ్లాన్ని తటస్థీకరిస్తుంది కాబట్టి అంతకాలమూ నీటి నమూనాలు నిశ్చింతగానే కనిపిస్తాయి. ఆ నిల్వ తరిగాక పీహెచ్ పడిపోయి, అప్పటిదాకా కదలని లోహాలు బయటికి రావడం మొదలవుతుంది. నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఈ ఆలస్యమే.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థకు ఇందుకోసం ఒక పరీక్షా పద్ధతి ఉంది. సల్ఫ్యూరిక్, నైట్రిక్ ఆమ్లాలతో పీహెచ్ సరిచేసిన నీటిలో మట్టిని సుమారు 18 గంటలు కలియతిప్పి, బయటికి వచ్చిన లోహాన్ని కొలుస్తారు. మిసిసిపీ నదికి తూర్పు నేలలకు ఆ పీహెచ్ 4.2, పడమటి నేలలకు 5.0. అయినా కొన్ని గంటల పరీక్ష సున్నం ఎన్నాళ్లకు తరుగుతుందో చెప్పలేదు. కాబట్టి గొట్టాల్లో నింపిన మట్టి గుండా ఆమ్ల జలాన్ని నెలల తరబడి పంపే పరీక్ష కూడా జరగాలి.

కెనడాలోని నికెల్ గనుల ప్రాంతమైన సడ్‌బరీలో 1978 నుంచి సున్నపురాయి పొడి చల్లి, బోసిపోయిన నేలల్లో పచ్చదనాన్ని తిరిగి తెచ్చారు. అదే మందు అన్నిచోట్లా పనిచేయదు; ఆర్సెనిక్ ఉన్న నేలలో పీహెచ్ మరీ పెరిగితే ఆ విషం ఐరన్ ఆక్సైడ్ల నుంచి విడిపోయే ప్రమాదముంది. అందువల్ల గని అనుమతికి ముందూ, మూసివేతకు ముందూ ఈ రెండు పరీక్షలనూ తప్పనిసరి చేసి, వాటి ఫలితాలను పరిసర గ్రామాల ప్రజలకు అందుబాటులో ఉంచాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు