పాత లెన్సులను తూకానికి వేయకండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఆగస్టు 19న ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం సందర్భంగా మీరు వేసిన ప్రత్యేక పేజీ అక్షరం వదలకుండా చదివాను. 1839లో ఫ్రాన్స్‌లో వెండి పూత రేకు మీద ఫొటో తీసే డాగెర్ పద్ధతిని లోకానికి చెప్పిన రోజు నుంచి నేటి సెల్‌ఫోన్ కెమెరాల దాకా చక్కగా రాశారు. రీలు కెమెరాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాటిని ఇక మ్యూజియంలో చూసుకోవాల్సిందే అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ ముక్కకు జవాబుగానే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను రాజమహేంద్రవరంలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. మా ఊళ్లో ఈమధ్య ఒక పాత స్టూడియో ఖాళీ చేస్తూ, కెమెరాలూ లెన్సులూ అట్టపెట్టెల్లో పోసి పాత సామాన్లవాళ్లకు తూకానికి ఇచ్చేశారు. నాకు తెలిసేసరికే ఆ పెట్టెలు ఊరు దాటిపోయాయి. కొన్నవాళ్లకు అందులో ఇత్తడి ఎంత, అల్యూమినియం ఎంత అన్నదే లెక్క. లోపలి గాజు ఇంకా ఏళ్ల తరబడి పనికొచ్చేదని ఇచ్చినవాళ్లకూ తెలీదు, పుచ్చుకున్నవాళ్లకూ తెలీదు. మన రెండు రాష్ట్రాల్లో ఇంకా ఎన్ని ఇళ్ల బీరువాల్లో, ఎన్ని స్టూడియోల అటకల మీద ఇలాంటి పెట్టెలున్నాయో అని ఆలోచిస్తే నాకు నిద్ర పట్టలేదు.

పాత లెన్సుకు కాలం చెల్లలేదు సార్. లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ డిజిటల్ కెమెరాలు వచ్చాక దానికి మళ్లీ మంచి రోజులొచ్చాయి. దీనికి కారణం మోజు కాదు, ఒక చిన్న కొలత. ఎస్ఎల్ఆర్ కెమెరాలో లెన్సుకూ రీలుకూ మధ్య ఏటవాలుగా ఒక అద్దం ఉంటుంది. బటన్ నొక్కగానే అది పైకి లేచి వెలుగుకు దారి ఇస్తుంది. అద్దం కదలడానికి చోటు కావాలి కాబట్టి, లెన్సు కూర్చునే అంచు నుంచి రీలు దాకా నికాన్‌లో 46.5 మిల్లీమీటర్ల దూరం ఉంచారు. 42 మిల్లీమీటర్ల మరతో బిగించే లెన్సులు వాడే జెనిట్, ప్రాక్టికా, పాత పెంటాక్స్ కెమెరాల్లో ఆ దూరం 45.46. మిర్రర్‌లెస్‌లో అద్దమే లేదు గనక సోనీ ఇ మౌంట్‌లో అది 18, ఫ్యూజీ ఎక్స్‌లో 17.7, నికాన్ జెడ్‌లో 16 మిల్లీమీటర్లకు తగ్గిపోయింది. మిగిలిన ఖాళీని ఒక బోలు లోహపు గొట్టంతో పూరిస్తే చాలు, పాత లెన్సు సరిగ్గా తన చోటికి వచ్చి కూర్చుంటుంది. ఆ గొట్టమే అడాప్టర్. లోపల గాజు ఉండదు, కరెంటు ఉండదు. వెయ్యి, రెండు వేల రూపాయల్లో దొరుకుతుంది.

ఇదే మర లెన్సును నికాన్ డిజిటల్ ఎస్ఎల్ఆర్‌కు పెడితే దూరపు కొండ ఎప్పటికీ ఫోకస్‌లోకి రాదు. 45.46లో కూర్చోవాల్సిన లెన్సు 46.5 అవతల కూర్చుంటుంది. ఆ ఒక్క మిల్లీమీటరు తేడాకే ఎంతోమంది ‘ఈ లెన్సు పాడైపోయింది’ అనుకుని పక్కన పడేశారు. 2008లో పానాసోనిక్ జి1, 2010లో సోనీ నెక్స్ కెమెరాలు వచ్చాక ఆ చిక్కు తీరింది.

నా దగ్గరున్నది హీలియోస్ 44-2 అనే మర లెన్సు. నాభ్యంతరం 58 మిల్లీమీటర్లు. సోవియట్ యూనియన్‌లో తయారైంది, డిజైన్ మాత్రం జర్మనీ జైస్ కంపెనీ వాళ్ల బయోటార్‌ది. మా మేనమామ జెనిట్-ఇ కెమెరాతో పాటు వచ్చింది. సోవియట్ వాళ్ల ‘రాదుగ’, ‘ప్రగతి’ ప్రచురణల తెలుగు పుస్తకాలు చదివి పెరిగిన ఇళ్లలో ఈ కెమెరా పేరు కొత్తేమీ కాదు. సోనీ ఎ6000 మిర్రర్‌లెస్ కెమెరా సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పటి నుంచి ఒకే లెన్సును ఒక పూట రీలు కెమెరాకూ, ఒక పూట మిర్రర్‌లెస్‌కూ మార్చి మార్చి వాడుతున్నాను.

మా ఊరి దగ్గర కడియంలోని కడియపులంక నర్సరీల సంగతి చెప్తాను. పొద్దున్నే వెళ్తే మొక్కల వరసల మధ్య పైపుతో నీళ్లు పడుతూ ఆడవాళ్లు కనిపిస్తారు. వాళ్ల అనుమతితోనే ఫొటో తీస్తాను. వెనక మామిడంట్ల ఆకుల సందుల్లోంచి వెలుగు చుక్కలుగా పడుతూ ఉంటుంది. హీలియోస్ రంధ్రాన్ని పూర్తిగా తెరిచి, రెండు మీటర్ల దూరంలో ముఖాన్ని ఫోకస్ చేస్తే ఆ చుక్కలన్నీ ముఖం చుట్టూ సుడి తిరిగినట్టు వస్తాయి. ఫ్రేము అంచుల వైపు వచ్చే వెలుగును లెన్సు గొట్టమే కొంత అడ్డుకుంటుంది. దాంతో గుండ్రంగా పడాల్సిన చుక్కలు అక్కడ నిమ్మకాయ ఆకారంలోకి నొక్కుకుపోతాయి. కొత్త లెన్సుల ఇంజనీర్లు కష్టపడి తీసేసిన లోపం ఇదే. నాకు మాత్రం ఇదే కావాలి. జెనిట్‌లో రీలు మీద ఫ్రేము మొత్తం పడుతుంది కాబట్టి సుడి నిండుగా వస్తుంది. ఎ6000 సెన్సర్ చిన్నది. మధ్య భాగాన్నే తీసుకుంటుంది గనక సుడి కాస్త తగ్గుతుంది, 58 మిల్లీమీటర్ల లెన్సు 87 మిల్లీమీటర్లదానిలా చూస్తుంది. ముఖాలకు అది ఇంకా బాగుంటుంది.

జెనిట్ షటర్ వేగం సెకనులో 500వ వంతు దాకానే. వెలుగుకు త్వరగా స్పందించే 400 రకం రీలు వేసుకుని మిట్టమధ్యాహ్నం వెళ్తే లెన్సు రంధ్రాన్ని రింగు మీది 16 అంకె దాకా మూయక తప్పదు. అప్పుడు సుడి గిడి ఏమీ ఉండదు. అందుకే దానితో తీయాలంటే తెల్లవారుజామునో, చెట్టు నీడలోనో తీస్తాను. ఎ6000కు 4000వ వంతు దాకా వేగం ఉంది, ఎండలోనూ లెన్సు తెరుచుకోవచ్చు. పైగా ఫోకస్ కుదిరిన అంచులు తెర మీద ఎర్రగా మెరుస్తాయి. ఒక మీట నొక్కితే కనురెప్పల వెంట్రుకలు పెద్దవిగా కనిపిస్తాయి. అరవై దాటిన నా కళ్లకు అదెంత సాయమో చెప్పలేను. మెనూలో ‘లెన్సు లేకపోయినా షటర్ పనిచేయాలి’ అనే సెట్టింగ్ ఒకటి పెట్టుకోవాలి, లేకపోతే పాత లెన్సును కెమెరా గుర్తించక మొరాయిస్తుంది. ఇంతకు మించి టెన్షన్ లేదు.

సర్వీసులో ఉండగా ఈ లెన్సును క్లాసుకు పట్టుకెళ్లేదాన్ని. రింగు మీద 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అని చెక్కి ఉంటాయి. పిల్లలు ఒక్కో అంకెను ముందు దానితో భాగించేవాళ్లు. దాదాపు ప్రతిసారీ 1.4 వచ్చేది, అంటే 2 వర్గమూలం. రింగు ఒక మెట్టు తిప్పితే రంధ్రం వైశాల్యం సగమవుతుంది, వెలుగూ సగమవుతుంది. పూర్తిగా తెరిచినప్పుడు ముందు నుంచి కనిపించే రంధ్రాన్ని స్కేలుతో కొలిస్తే 29 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉండేది. 58ని 29తో భాగిస్తే 2! బోర్డు మీద వారం రోజులు చెప్పినా ఎక్కనిది, రంధ్రాన్ని మూసే ఎనిమిది రేకులు కళ్ల ముందు మూసుకుంటుంటే పది నిమిషాల్లో ఎక్కేది. కొత్త లెన్సుల్లో చాలావాటికి ఈ రింగే లేదు, కెమెరాలోంచి తీస్తే రేకులను వేలితో కదిపి చూపించే వీలూ లేదు.

రీలు విషయానికొస్తే, అది మ్యూజియంకు వెళ్లలేదు. కోడాక్ 2012లో ఆపేసిన ఎక్టాక్రోమ్ రీలును 2018లో మళ్లీ తెచ్చింది. పెంటాక్స్ 2024లో కొత్తగా ఒక రీలు కెమెరానే విడుదల చేసింది. మనకు పోయింది ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్. ఒకప్పుడు స్టూడియోల్లో ఎక్కడ చూసినా దాని ‘ఇందు’ సరుకే కనిపించేది. ఆ ఫ్యాక్టరీ మూతపడటం నిజంగా బాధాకరం. ఇప్పుడు రీలు వేయి రూపాయలకు అటూ ఇటూగా ఉంటోంది. ఖరీదే, కాదనను. అందుకే బ్లాక్ అండ్ వైట్ రీళ్లు ఇంట్లోనే కడుగుతాను. నల్ల సంచిలో చేతులు దూర్చి, తడుముకుంటూ రీలును ట్యాంకులోకి ఎక్కించాలి. సినిమాల్లో చూపించే ఎర్ర బల్బు ప్రింటు కాగితానికే, రీలుకు ఆ వెలుతురూ తగలకూడదు. రీలు మీద బొమ్మను తేల్చే డి-76 మందులో అంతే నీళ్లు కలిపి 20 డిగ్రీల దగ్గర ఇల్‌ఫర్డ్ హెచ్‌పి5 రీలును 11 నిమిషాలు ఉంచాలి, ప్రతి నిమిషం మొదట్లో ట్యాంకును నాలుగు సార్లు తిరగేయాలి. మే నెలలో మా కుళాయి నీళ్లే ముప్పై దాటి ఉంటాయి. బేసిన్‌లో ఫ్రిజ్ ఐసు ముక్కలు వేసి, సీసాలు అందులో నిలబెట్టి, థర్మామీటర్ 20కి దిగేదాకా కాచుకుని కూర్చుంటాను. బొమ్మను నిలిపే హైపో మందు కూడా అయ్యాక మూత తీసి తడి రీలును కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే, కడియంలో చూసిన ముఖాలు తెలుపు నలుపు తారుమారై వరసగా వేలాడుతుంటాయి. ఆ సంతోషం కోసమే ఈ పనంతా.

ఆ నెగెటివ్‌లను కంప్యూటర్‌లోకి ఎక్కించేదీ ఈ చిన్న మిర్రర్‌లెస్సే. ఎల్ఈడీ పలక మీద నెగెటివ్ ఉంచి, నెగెటివ్‌ను పెద్దది చేసి ప్రింటు తీసే డార్క్‌రూమ్ ఎన్‌లార్జర్‌లోని లెన్సును గొట్టాలతో కెమెరాకు తగిలించి ఫొటో తీసుకుంటే సరిపోతుంది. అమ్మానాన్నల పెళ్లి నెగెటివ్‌లు స్టూడియో కవర్లలో ఉండిపోయినవాళ్లు ఇది గమనించాలి. స్టూడియోవాళ్లు అన్నిటికంటే ముందు పారేసేది ఆ ఎన్‌లార్జర్ లెన్సునే.

పెట్టె తీసి చూసేవాళ్లకు ఒక సూచన. లెన్సును పూర్తిగా తెరిచి వెనక టార్చి పెట్టి చూడండి. సన్నటి తెల్లటి పోగులు కనిపిస్తే అది ఫంగస్. గోదావరి జిల్లాల తేమకు ఇది మామూలే. తొలి దశలో పట్టుకుంటే తెలిసిన మెకానిక్ శుభ్రం చేయగలరు, గాజు మీది పూతను తినేశాక మాత్రం కష్టం. మీరు స్క్రూడ్రైవర్ పట్టుకోకండి. బాగున్న లెన్సులను సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బాలో పెట్టండి, ఫంగస్ పట్టినవాటిని విడిగా ఉంచండి. పెంటాక్స్ టాకుమార్ 50 మిల్లీమీటర్లు 1.4 రకాల్లో కొన్నిటి గాజు పసుపుపచ్చగా మారుతుంది, అందులో థోరియం అనే రేడియోధార్మిక మూలకం కలిపారు. ఆ పసుపు కొన్నాళ్లు అతినీలలోహిత కాంతి తగిలితే తగ్గుతుంది. కెమెరాకు పెట్టి వాడుకుంటే భయపడాల్సినంత రేడియోధార్మికత కాదు, కానీ ఆ గాజును పగలగొట్టడం, అరగదీయడం మంచిది కాదు. పాత సామాన్ల దుకాణంలో సుత్తి కింద పడకూడదని నేను అనడానికి ఇదీ ఒక కారణం.

కాబట్టి పాఠకులకు నా మనవి: ఇల్లు సర్దేటప్పుడు లెన్సు కనిపిస్తే పక్కన పెట్టండి. మీకు అక్కర్లేకపోతే దగ్గర్లోని కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌కు ఇవ్వండి, ఫొటోలు తీసే కుర్రాళ్లుంటే వాళ్లకు ఇవ్వండి. స్టూడియోలు మూసేస్తున్న వాళ్లు తూకానికి వేసే ముందు ఊళ్లో ఒక్కరికి ఫోన్ చేసి అడగండి.

మీకు ఒక విన్నపం. వచ్చే ఆగస్టు 19 ప్రత్యేక పేజీలో సగం చోటు పాఠకులకు వదలండి. పాత లెన్సులతో తీసిన ఫొటోలు పంపమని నెల ముందే ప్రకటించండి. ప్రతి ఫొటో కింద తీసినవారి పేరుతో పాటు లెన్సు పేరు, అది ఏ కెమెరాకు తగిలించారన్నదీ వేయండి. కడియం నుంచి ఒకటి నేను పంపుతాను.

ఇట్లు,
విశ్రాంత ఫిజిక్స్ అధ్యాపకురాలు,
రాజమహేంద్రవరం