పిల్లల తొట్టిలో టమాటా వద్దు, బొబ్బర్లు వేయండి

సంపాదకులకు నమస్కారం.

తొలకరి పడగానే పత్రికల్లో మిద్దె తోటల మీద వ్యాసాలు మొదలవుతాయి. మంచిదే. కానీ వాటిలో పిల్లల మాట "పిల్లలనూ తోటపనిలో కలుపుకోండి" అన్న ఒక్క వాక్యంతో అయిపోతోంది. ఇంట్లో నాలుగైదేళ్ల పిల్లలుంటే ఏ విత్తు వేయాలి, ఎంత లోతున వేయాలి, నీళ్లు దేంతో పోయాలి అన్నవన్నీ వేరుగా ఆలోచించుకోవాలి. ఆ వివరాలు మీ పాఠకులకు చేరాలనే ఈ లేఖ.

అసలు పొరపాటు పంట ఎంపికలోనే జరుగుతోంది. చాలామంది ఉత్సాహంగా టమాటా గింజలు తెచ్చి పిల్లల చేత వేయిస్తారు. విత్తు నుంచి పండు దాకా దాదాపు మూడు నెలలు. మధ్యలో పిల్లలకు చూపించడానికి పెద్దగా ఏమీ ఉండదు. వాళ్లు మర్చిపోతారు, పెద్దవాళ్లేమో "వీడికి ఓపిక లేదు" అనేస్తారు. కొత్తిమీరదీ అదే తీరు. ధనియాలను రెండు బద్దలుగా నలిపి చల్లినా మొలకకు పది రోజులు పడుతుంది, ఎండలు ముదిరితే సరిగా రానే రాదు.

జూన్, జూలైలో మొదలుపెట్టేవారు బొబ్బర్లు వేయండి. కొన్నిచోట్ల అలసందలంటారు. గింజ చిన్నవేళ్లకు చక్కగా చిక్కుతుంది. నానబెట్టక్కర్లేదు, ఎక్కువసేపు నానితే పగిలి మట్టిలో కుళ్లిపోతుంది కూడా. మూడు నుంచి ఐదు రోజుల్లో మొలుస్తుంది. గింజలోని రెండు బద్దలూ మట్టిని తోసుకుని పైకి లేస్తాయి కాబట్టి తాను పెట్టిన గింజే మొక్క అయిందని ఎవరూ చెప్పకుండానే పిల్లకు అర్థమవుతుంది. నలభై, నలభై అయిదు రోజులకు పూత, మరో వారం పది రోజులకు లేతకాయ. కిరాణా కొట్టు బొబ్బర్లూ మొలుస్తాయి గానీ అవి పొదరకమో తీగరకమో ముందు తెలియదు, పక్కన ఒక కర్ర సిద్ధంగా ఉంచుకోండి.

కాయ వచ్చేలోగా కోసుకోవడానికి వెడల్పాటి టబ్బులో తోటకూర చల్లండి. గింజ మరీ సన్నం. పిల్లలు పిడికిలి విప్పితే అంతా ఒక్కచోటే పడుతుంది. చెంచా విత్తనానికి పది చెంచాల పొడి ఇసుక కలిపి ఇస్తే పలచగా పడుతుంది. పైన మట్టి కప్పొద్దు, చిన్న అరచేతులతో అదిమితే చాలు. 25 నుంచి 30 రోజుల్లో కూర వండుకోవచ్చు. మెంతికూరను మాత్రం అక్టోబరు దాకా ఆపండి, జోరువానల్లో అది నిలవదు.

లోతుకు ఒక లెక్క ఉంది. గింజ మందానికి రెండు మూడు రెట్లు లోతు చాలు. బొబ్బర గింజకైతే పిల్లల చూపుడువేలి మొదటి కణుపు మట్టిలోకి దిగేంత. కొలబద్ద పిల్లల చేతిలోనే ఉన్నట్టు. రెండో కణుపు దాకా దింపితే మొలక పైకి రాకముందే అలసిపోతుంది, వానకు మట్టి గట్టిపడితే అసలు రాదు. ఒక్కో గుంటలో రెండు గింజలు పెట్టి, నాలుగు ఆకులొచ్చాక బలహీనమైనదాన్ని కత్తెరతో మొదట్లో కత్తిరించండి. పీకితే పక్కమొక్క వేరు కదులుతుంది.

మట్టి కలపడం పిల్లలకు అన్నిటికన్నా ఇష్టమైన పని. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కడిగి పిండిన కొబ్బరిపొట్టు ఒక పాలు, తొట్టికి గుప్పెడు వేపపిండి. కొబ్బరిపొట్టులో ఉప్పుంటుంది, రెండు మూడు సార్లు నీళ్లు మార్చి కడగాలి. నల్లరేగడి ఒక్కటే నింపితే తడికి బంకగా, ఎండకు నెర్రెలుగా మారి లేతవేళ్లు తెగిపోతాయి. పచ్చిపేడ అసలే వద్దు. అది మాగేటప్పుడు వేడికి వేళ్లు మాడతాయి, పిల్లల ఆరోగ్యానికీ మంచిది కాదు. ఆకుకూరకు అరడుగు లోతు, బొబ్బరకు, బెండకు అడుగు లోతు ఉండాలి. అడుగు వెడల్పు, అడుగు లోతు ఉన్న సంచి తడిస్తే పాతిక కిలోల దాకా తూగుతుంది కాబట్టి దూలాల మీదుగా పెట్టండి. పిట్టగోడకు ఆనించి మాత్రం ఒక్క తొట్టీ పెట్టొద్దు. పిల్లలకు అది మెట్టు అవుతుంది.

పిల్లల తోటలో మొక్కలు చచ్చేది ఎక్కువగా నీళ్లెక్కువై. నీళ్లు పోయడం వాళ్లకు ఆట, ఆపమంటే ఆపరు. మగ్గుతో పోస్తే గింజ తేలి బయటపడుతుంది. అదే పనిగా తడిగా ఉంటే నారుకుళ్లు వస్తుంది. మొలక మొదట్లో నీరుపట్టి సన్నబడి, తెల్లారేసరికి పడిపోతుంది. అందుకని లీటరు ప్లాస్టిక్ సీసా మూతకు పెద్దవాళ్లు వేడిసూదితో ఏడెనిమిది రంధ్రాలు పెట్టివ్వండి. వేలు దించి చూడాలి, మట్టి అంటితే ఆ పూట నీళ్లు వద్దు, పొడిగా రాలితే పోయాలి. ఈ పరీక్ష పిల్లలే చేయాలి. రోజూ పోయాలనే నియమం కంటే ఇది మేలు. తొట్టి అడుగున రంధ్రాలు మూసుకుపోకుండా పెంకుముక్క బోర్లించండి. కింది పళ్లాల్లో నీళ్లు వారం నిలిస్తే దోమలు తయారవుతాయి. పారబోస్తే సరిపోదు, గుడ్లు అంచులకు అంటుకుని ఉంటాయి, పీచుతో రుద్దాలి.

బొబ్బర లేతచివళ్లకు నల్లని పేనుబంక (రసం పీల్చే సన్నని పురుగులు) పట్టడం ఖాయం. చీమలు బారులు తీరితే అనుమానించండి. ముందు నీళ్లు గట్టిగా చిమ్మి రాల్చండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బుద్రావణం కలిపి పొద్దువాలాక పెద్దవాళ్లే చల్లాలి. గుళికల పురుగుమందు పిల్లలున్న ఇంట్లో ఉండనే కూడదు. ఈ పేనుబంకను తినే అక్షింతల పురుగులూ వస్తాయి. వాటి పిల్లపురుగు నల్లగా పొడవుగా, నారింజ మచ్చలతో ఉంటుంది, చెడుపురుగని నలిపేస్తుంటారు. అలా చంపొద్దు. వంగ, కాకర ఆకుల్ని గీకి జల్లెడ చేసే అక్షింతల పురుగు వేరు, దాని వీపు మెరవదు, సన్నని నూగు ఉంటుంది. ఈ తేడా అయిదేళ్ల పిల్లలు పెద్దవాళ్లకంటే త్వరగా పట్టేస్తారు.

గన్నేరు, ఉమ్మెత్త, గురివింద, ఆముదం మొక్కలు పిల్లలు తిరిగే తోటలో ఉండకూడదు. బెండ నూగు దురద పెడుతుంది, పొడుగుచేతుల చొక్కా వేయండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగించడం, ధనుర్వాతం నుంచి కూడా కాపాడే, అయిదేళ్లకు వేయాల్సిన డీపీటీ టీకా బూస్టర్ వేయించడం మరవకండి.

చివరిగా మీ పత్రిక ద్వారా విత్తన కంపెనీలకు, అధికారులకు ఒక విన్నపం. బెండ, బీర వంటి విత్తనాలు గులాబీ, నీలి రంగుల్లో కనిపిస్తే అది శిలీంధ్రనాశక మందు పూతకు గుర్తు. 1968 నాటి విత్తన నియమాల ప్రకారం ఆ మందు పేరు, ఆహారానికి వాడరాదన్న హెచ్చరిక ప్యాకెట్ మీద ఉండాలి. ఇంటితోటల కోసం అమ్మే చిన్న ప్యాకెట్ల మీద ఆ హెచ్చరిక తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. మందు పూయని విత్తనాలు విడిగా దొరకాలి. అప్పటిదాకా తల్లిదండ్రులు రంగు గింజలను పిల్లల చేతికి ఇవ్వకుండా, పూత లేని నాటువిత్తనాలే అడిగి తీసుకోవాలి.

— కొందరు మిద్దెతోట సాగుదారులు, విజయవాడ