ఆ పిల్లలను అడిగిన తీరు సరిగా లేదు

సంపాదకుల గారికి,

జింబాబ్వేలోని రువాలో ఏరియల్ స్కూలు పిల్లలు ఎగిరే పళ్లెం చూశారన్న కథ ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. 1994 సెప్టెంబర్ 16న టీచర్లు మీటింగులో ఉండగా, ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలు 60 మందికి పైగా, ఆటస్థలం అవతల పొదల్లో వెండిరంగు వస్తువు దిగిందని, పెద్ద కళ్లున్న ఆకారాలు కనిపించాయని చెప్పారు. వాళ్లు అబద్ధమాడారని నేను అనను, ఆ భయం నిజమే. కానీ సరిగ్గా రెండు రోజుల ముందు రష్యా రాకెట్ భాగం ఒకటి ఆ ప్రాంతపు ఆకాశంలో మండుతూ పోయింది, దాంతో అందరి నోటా యూఎఫ్ఓల (ఏమిటో తెలియని ఎగిరే వస్తువుల) మాటే. ఆ తర్వాత వచ్చిన పరిశోధకురాలు సింథియా హైండ్ పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టి అడిగారు, ఒకరు చెప్పేది మిగతావాళ్లు వింటూనే ఉన్నారు. హార్వర్డ్ సైకియాట్రిస్ట్ జాన్ మ్యాక్ వచ్చేసరికి రెండు నెలలు దాటింది. భూమిని పాడుచేయొద్దని ఆ ఆకారాలు హెచ్చరించాయన్న మాట బాగా వ్యాపించింది ఆయన ఇంటర్వ్యూలతోనే.

మా పాప కుక్క తరిమిందని ఏడుస్తూ వస్తే, నల్లదా అని నేనే అడిగాను, సాయంత్రానికి అది నల్లకుక్కే అయిపోయింది, నిజానికి అది గోధుమరంగుది. అందుకే ఆ పిల్లల్ని అదే రోజు విడివిడిగా కూర్చోబెట్టి, "ఏం జరిగిందమ్మా?" అని మాత్రమే అడిగి ఉండాల్సింది.

- ఒక పాఠకురాలు, విజయవాడ